వెనేడియం డయాక్సైడ్‌లో లోహం–బంధకం పరివర్తనను అదుపు చేయడం: ప్రయోగశాల మార్గదర్శి

వెనేడియం డయాక్సైడ్, అంటే వీఓ2 ఫిల్మ్‌ను (పలుచని పొరను) మెల్లగా వేడి చేస్తూ పోతే 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని విద్యుత్ నిరోధం వేల రెట్లు పడిపోతుంది: అప్పటిదాకా బంధకం, అంటే విద్యుత్‌ను సులువుగా పోనివ్వని పదార్థం, లోహంలా మారిపోతుంది. ఇదే లోహం–బంధకం పరివర్తన. లోపాలు లేని ఏకస్ఫటికంలో ఆ పతనం లక్ష రెట్ల వరకు ఉంటుంది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఎఫ్.జె. మోరిన్ 1959లో ఈ సంగతి ప్రచురించాడు. ఆ 68ని కిందికి దించడం ఎలా, పైకి లేపడం ఎలా, వేడితో పని లేకుండా వోల్టేజీతో పరివర్తనను రప్పించడం ఎలా అన్న ప్రయత్నాలు అప్పటి నుంచీ సాగుతూనే ఉన్నాయి.

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో, పీహెచ్‌డీ మొదటి ఏడాదికో ఈ పదార్థాన్ని ఎంచుకున్న విద్యార్థుల కోసం ఈ మార్గదర్శి. నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. ఈ పరివర్తనను అదుపు చేసే పనిలో ముప్పాతిక వంతు ఫిల్మ్ పెంచేటప్పుడు ఆక్సిజన్ దగ్గరే తేలిపోతుంది. మిగిలిన పావు వంతులో మీరు ఏ మీట తిప్పినా, కనబడిన మార్పు ఉత్త వేడి వల్లనో ఆక్సిజన్ పోవడం వల్లనో వచ్చింది కాదని చూపించాకే దానికి వేరే పేరు పెట్టాలి.

చేయి పెట్టే ముందు

పాఠ్యపుస్తకంలోని పట్టీ సిద్ధాంతం ప్రకారం పూర్తిగా నిండని పట్టీ (ఎలక్ట్రాన్లు ఉండగల శక్తుల శ్రేణి) ఉన్న పదార్థం లోహం కావాలి. నికెల్ ఆక్సైడ్‌లో డి పట్టీ పూర్తిగా నిండలేదు, అయినా అది చక్కని బంధకం. 1937లో డి బోయర్, వెర్వే ఈ చిక్కును ఎత్తిచూపారు. 1949లో నెవిల్ మాట్ దీనికి దారి చూపాడు: ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి వికర్షించుకోవడాన్ని లెక్కలోంచి వదిలేస్తే కుదరదు. 1963లో హబ్బర్డ్ దాన్నే చిన్న గణిత నమూనాగా మార్చాడు. 1977 భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో మాట్ ఒకడు.

కోఠీ నుంచి బయల్దేరే ఆర్టీసీ బస్సులో సీటుకొకరు చొప్పున కూర్చున్నారనుకోండి. ఎవరైనా పక్క సీటుకు మారాలంటే మరొకరి ఒళ్లో కూర్చోవాల్సిందే. ఆ ఇబ్బంది ఖరీదును యూ అంటారు. సీటు మారితే కలిగే లాభాన్ని పట్టీ వెడల్పు, అంటే డబ్ల్యూ నిర్ణయిస్తుంది. యూ బాగా ఎక్కువైతే ఎవరూ కదలరు, పదార్థం బంధకం. డబ్ల్యూ పైచేయి సాధిస్తే రాకపోకలు మొదలవుతాయి, పదార్థం లోహం. ఇద్దరు ముగ్గురిని దించేసినా కదలిక వస్తుంది. మీ చేతిలో ఉన్న ప్రధాన మీటలు ఈ రెండే: పట్టీ వెడల్పును మార్చడం, ఎలక్ట్రాన్ల సంఖ్యను మార్చడం. 1998లో ఇమాదా, ఫుజిమోరి, తోకురా రాసిన ప్రసిద్ధ సమీక్షా వ్యాసం ఈ రంగాన్నంతా ఈ రెండు శీర్షికల కిందే సర్దింది.

వీఓ2లో ఇంకో మెలిక ఉంది. లోహ స్థితిలో వెనేడియం పరమాణువులు ఒక వరుసలో సుమారు 2.85 ఆంగ్‌స్ట్రామ్‌ల సమాన దూరంలో ఉంటాయి. బంధక స్థితికి వచ్చేసరికి జంటలు కడతాయి: జంటలోని రెంటి మధ్య 2.65, జంటకూ జంటకూ మధ్య 3.12 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఎలక్ట్రాన్ల వికర్షణ వల్ల బంధకం అయిందా, జంటలు కట్టడం వల్ల అయిందా అన్న వాదం దశాబ్దాలు నడిచింది. గుడెనఫ్ 1971లో జంటల పక్షం బలంగా వినిపించాడు. 2005లో బియర్మన్ బృందం చేసిన లెక్కలు రెండూ చేయి కలిపితేనే ఈ బంధకం ఏర్పడుతుందని చూపాయి. ప్రయోగం చేసేవారు ఇందులో పట్టుకోవలసింది ఒక్కటే. ఇక్కడ ఎలక్ట్రాన్లూ జాలకమూ (పరమాణువుల క్రమమైన అమరిక) కలిసి కదులుతాయి. అందుకే జాలకాన్ని లాగినా నొక్కినా ఫలితం కనబడుతుంది. అందుకే గ్రాముకు సుమారు 51 జౌళ్ల గుప్తోష్ణం ఉంది. వేడి చేసేటప్పుడూ చల్లార్చేటప్పుడూ పరివర్తన వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర జరగడానికీ ఇదే కారణం.

పదార్థం ఎంపిక

ఇదే కుటుంబంలో వీ2ఓ3 ఇంకా నాటకీయమైనది. 160 కెల్విన్ దగ్గర దాని నిరోధం కోటి రెట్లు మారుతుంది. ఒక శాతం క్రోమియం కలిపితే వచ్చే మార్పు దాదాపు 4 కిలోబార్ల ఒత్తిడి తేడాకు సమానమని మెక్‌వాన్ బృందం చూపింది. నికెలేట్ల (నికెల్, ఆక్సిజన్, ఒక అరుదైన మృత్తిక లోహం కలిసిన ఆక్సైడ్ల) కుటుంబమైతే పట్టీ వెడల్పు పాఠానికి అచ్చమైన ఉదాహరణ. లాంథనం నికెలేట్ ఎంత చల్లార్చినా లోహంగానే ఉంటుంది. ప్రాసియోడిమియం నికెలేట్ 130 కెల్విన్ దగ్గర, నియోడిమియం నికెలేట్ 200 దగ్గర, సమేరియం నికెలేట్ 400 దగ్గర బంధకాలవుతాయి. అయాను చిన్నదయ్యేకొద్దీ నికెల్–ఆక్సిజన్–నికెల్ కోణం వంగి పట్టీ సన్నబడుతుంది. అయితే వీ2ఓ3కి క్రయోస్టాట్ (నమూనాను బాగా చల్లబరిచే పరికరం) కావాలి. నికెలేట్లలో నికెల్‌ను మూడో ఆక్సీకరణ స్థితిలో నిలబెట్టాలంటే ఆక్సిజన్ ఒత్తిడి గట్టిగా కావాలి. వీఓ2కి హాట్‌ప్లేట్ చాలు. హైదరాబాద్ మే నెల ఎండ ఎంత మండినా 68ని అందుకోదు కాబట్టి గదిలో పడివున్న నమూనా ఎప్పుడూ బంధకంగానే ఉంటుంది. మొదటిసారి చేసేవారికి ఇంతకంటే సౌకర్యం లేదు.

ఒక హెచ్చరిక. చల్లార్చితే నిరోధం పెరిగే ప్రతి ఫిల్మూ మాట్ బంధకం, అంటే ఎలక్ట్రాన్ల వికర్షణ వల్ల బంధకమైనది, కాదు. మలినాల వల్ల, క్రమరాహిత్యం వల్ల కూడా ఎలక్ట్రాన్లు చిక్కుకుపోతాయి. ఆ రంగంలో 1979 నాటి ప్రసిద్ధ స్కేలింగ్ సిద్ధాంతాన్ని రూపొందించిన నలుగురిలో మన దేశానికి చెందిన టి.వి. రామకృష్ణన్ ఒకరు. అలాంటి నిరోధం నెమ్మదిగా పెరుగుతుంది. వీఓ2లో ఉన్నట్టు గట్టు మీంచి దూకినట్టు పడదు.

మొదటి మెట్టు: ఫిల్మ్ పెంచడం

అసలు యుద్ధం ఇక్కడే. వెనేడియం రెండు నుంచి ఐదు వరకు ఏ ఆక్సీకరణ స్థితిలోనైనా కుదురుకుంటుంది. వీ2ఓ3కీ వీఓ2కీ మధ్య మాగ్నెలి దశలనే ఒక వరుస ఉంది. వీఓ2 దాటాక వీ6ఓ13, వీ3ఓ7, చివర వీ2ఓ5 ఉన్నాయి. ఇంతమంది బంధువుల మధ్య వీఓ2 నిలిచే చోటు ఇరుకైన సందు. ఆక్సిజన్ కాస్త తగ్గితే ఒక పక్కకు, కాస్త పెరిగితే మరో పక్కకు జారిపోతుంది.

లేజర్ నిక్షేపణ (టార్గెట్ అనే ముడిపదార్థపు బిళ్లను లేజర్‌తో ఆవిరి చేసి ఫిల్మ్‌గా పరచడం) సౌకర్యం ఉంటే ఈ విలువలతో మొదలుపెట్టండి: 248 నానోమీటర్ల క్రిప్టాన్ ఫ్లోరైడ్ లేజర్, చదరపు సెంటీమీటరుకు 1 నుంచి 2 జౌళ్ల శక్తి, వీ2ఓ5 లేదా వెనేడియం లోహపు టార్గెట్, సి తలంలో కోసిన సఫైర్ సబ్‌స్ట్రేట్ (ఫిల్మ్ పెరిగే ఆధార పలక), 500 నుంచి 600 డిగ్రీలు, 1 నుంచి 3 పాస్కల్‌ల ఆక్సిజన్. ఇవి ఆరంభ విలువలు మాత్రమే. ఒక ఛాంబర్‌లో కుదిరిన అంకె పక్క ఛాంబర్‌లో కుదరదు. హీటర్‌లోని థర్మోకపుల్ చూపే ఉష్ణోగ్రతకూ సబ్‌స్ట్రేట్ పైతలం ఉష్ణోగ్రతకూ పదుల డిగ్రీల తేడా ఉండవచ్చు. సబ్‌స్ట్రేట్‌ను సిల్వర్ పేస్ట్‌తో హీటర్‌కు అతికిస్తే ఆ తేడా తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతిసారీ ఒకేలా ఉంటుంది.

ఉష్ణోగ్రతను కదపకుండా ఉంచి ఒత్తిడి ఒక్కదాన్నే మారుస్తూ 1, 1.5, 2, 2.5, 3 పాస్కల్‌ల దగ్గర ఒక్కో ఫిల్మ్ చొప్పున పెంచండి. రెండింటినీ ఒకేసారి మారిస్తే తర్వాత దేనివల్ల ఏమైందో తేల్చుకోలేరు. ఆక్సిజన్ తక్కువైన ఫిల్మ్‌లో గది ఉష్ణోగ్రత నిరోధం తక్కువగా ఉంటుంది, పతనం బలహీనంగా ఉంటుంది. ఎక్కువైన ఫిల్మ్ పసుపు రంగుకు తిరుగుతుంది, నిరోధం భారీగా ఉంటుంది, దూకుడు, అంటే నిరోధం అమాంతం పడిపోవడం, అసలే ఉండదు. నడుమ ఎక్కడో గోధుమరంగు ఫిల్మ్ ఒకటి వేల రెట్లు దూకుతుంది. ఆ ఒత్తిడి దగ్గరే మళ్లీ రెండు ఫిల్మ్‌లు పెంచి, అదే ఫలితం వస్తోందో లేదో చూశాకే ముందుకు కదలండి.

లేజర్ దొరకకపోతే స్పటరింగ్‌తో (అయాన్లతో కొట్టి పరమాణువులను రాల్చే పద్ధతితో) వెనేడియం లోహాన్ని పరచి, తర్వాత కొన్ని పదుల పాస్కల్‌ల ఆక్సిజన్‌లో 450 డిగ్రీల దగ్గర ఆక్సీకరించవచ్చు. లోహం వీఓ2గా మారేటప్పుడు ఘనపరిమాణం రెట్టింపు కంటే కాస్త ఎక్కువ అవుతుంది. 40 నానోమీటర్ల లోహం పరిస్తే 85 నుంచి 90 నానోమీటర్ల వీఓ2 చేతికొస్తుంది. ఈ దారి చవక, కానీ ఫిల్మ్ చిన్న చిన్న స్ఫటిక రేణువులతో ఉంటుంది కాబట్టి పరివర్తన కాస్త వెడల్పుగా వస్తుంది. నేర్చుకోవడానికి ఇది చాలు.

కరెంటు సంగతి కూడా ముందే చూసుకోండి. ఏప్రిల్, మే నెలల గాలిదుమారాల్లో ఫిల్మ్ పెరుగుతుండగా సరఫరా పోయి, పంపు ఆగి, 500 డిగ్రీల దగ్గర ఛాంబర్‌లోకి గాలి చొరబడితే మిగిలేది వీ2ఓ5. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. హీటర్ కంట్రోలర్‌నూ పంపునూ యూపీఎస్ మీద పెట్టండి. ఫిల్మ్ పెరగడం పూర్తయ్యాక కూడా అదే ఆక్సిజన్ ఒత్తిడిలో చల్లారనివ్వండి. ఇక వీ2ఓ5 పొడి విషపదార్థం, దాని ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. టార్గెట్ నూరేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి.

రెండో మెట్టు: చేతికొచ్చింది వీఓ2యేనా

సి తలపు సఫైర్ మీద పెరిగిన వీఓ2, రాగి ఎక్స్‌రే కింద 39.9 డిగ్రీల దగ్గర శిఖరం చూపాలి. సఫైర్ సొంత శిఖరం 41.7 దగ్గర ఉంటుంది, దాన్ని కొలబద్దగా వాడండి. ఎక్స్‌రే ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. కొద్దిపాటి వీ2ఓ5 సరిగా స్ఫటికీకరించకుండా ఫిల్మ్ పైన ఉంటే అది ఎక్స్‌రేకి దొరకకపోవచ్చు.

అక్కడ రామన్ వర్ణపటం (చెదిరిన లేజర్ కాంతి ద్వారా పదార్థపు కంపనాలను చూపేది) ఆదుకుంటుంది. సెంటీమీటరుకు 195, 224, 613 తరంగసంఖ్యల దగ్గర శిఖరాలుంటే బంధక వీఓ2. 144, 994 దగ్గర ఉంటే వీ2ఓ5 కలిసిందన్నమాట. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. లేజర్ కాంతిని సన్నని చుక్కగా కేంద్రీకరించి శక్తి పెంచితే శిఖరాలన్నీ మాయమవుతాయి. ఫిల్మ్ చెడిపోయిందని పారేయకండి. ఆ చుక్క దగ్గర వేడి 68 దాటి, పదార్థం లోహమైపోయింది. శక్తి తగ్గిస్తే శిఖరాలు తిరిగొస్తాయి. లేజర్ శక్తిని ఇంకా పెంచితే మాత్రం ఫిల్మ్ నిజంగానే ఆక్సీకరించి 994 శిఖరం పుట్టుకొస్తుంది, అది ఇక వెనక్కి పోదు.

ఈ పరికరాలు మీ కాలేజీలో లేకపోతే చింతించకండి. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్, కంది దగ్గర ఐఐటీ, బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ, ఇన్ని పరిశోధన సంస్థలు ఒక్క ఊరి చుట్టూ ఉండడం చాలా నగరాలకు లేని అదృష్టం. మీ గైడ్ ద్వారా ముందే ఉత్తరం రాయించుకుని, నమూనాలన్నీ సిద్ధం చేసుకుని ఒకేసారి వెళ్లండి.

మూడో మెట్టు: నిరోధం–ఉష్ణోగ్రత కొలత

ఈ అమరికను చేత్తో కట్టుకోవచ్చు, కట్టుకోవాలి కూడా. బాలానగర్‌లో ఏ లేత్ వర్క్‌షాపులోనైనా అరచేతిలో పట్టేంత రాగి దిమ్మ చేయించి, దానికి కార్ట్రిడ్జ్ హీటర్ పట్టే రంధ్రం ఒకటి, ప్లాటినం సెన్సార్ పట్టే రంధ్రం ఒకటి వేయించండి. తీగలు, నిరోధకాలు, కనెక్టర్లు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. సెన్సార్ రంధ్రం నమూనా కూర్చునే చోటికి సరిగ్గా కిందే ఉండాలి. పీటీ100 సెన్సార్ సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు, 68 దగ్గర 126.3 ఓమ్‌లు చూపుతుంది. మీ మీటరు ఆ అంకె చూపేటప్పుడే ఫిల్మ్ దూకుతోందా అన్నది మొదటి తనిఖీ.

ఫిల్మ్ మీద నాలుగు కొసల పద్ధతిలో తీగలు కలపండి: బయటి రెండింటి గుండా ప్రవాహం, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ. పలుచని టైటానియం మీద బంగారం పరిస్తే స్పర్శ నిలకడగా ఉంటుంది, తొందరలో సిల్వర్ పేస్ట్ కూడా నడుస్తుంది. కొలిచే ప్రవాహాన్ని మైక్రోఆంపియర్ల స్థాయిలో ఉంచండి. ప్రవాహాన్ని రెట్టింపు చేసినా నిరోధం మారకపోతే మీ కొలతే నమూనాను వేడి చేయడం లేదని అర్థం.

నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 30 నుంచి 90 వరకు వేడి చేసి, అదే వేగంతో చల్లార్చండి. రెండు వక్రాలు విడివిడిగా వస్తాయి. నిరోధపు లాగరిథమ్‌ను ఉష్ణోగ్రతతో అవకలనం చేస్తే ప్రతి వక్రంలోనూ ఒక లోతైన లోయ కనబడుతుంది. వేడి చేసేటప్పటి లోయ ఉష్ణోగ్రతకూ చల్లార్చేటప్పటి దానికీ సగటు మీ పరివర్తన ఉష్ణోగ్రత, తేడా మీ హిస్టెరిసిస్ వెడల్పు. మంచి స్ఫటికంలో ఆ వెడల్పు ఒకటి రెండు డిగ్రీలు, ఫిల్మ్‌లలో సాధారణంగా 5 నుంచి 10.

వెడల్పును నమ్మే ముందు వేగాన్ని సగానికి తగ్గించి మళ్లీ కొలవండి. వెడల్పు తగ్గిందంటే మీరు కొలిచినది పదార్థాన్ని కాదు, సెన్సార్ వెనకబాటుని. వేగంతో మారనిదే అసలు వెడల్పు. పత్రికల్లో అచ్చయిన హిస్టెరిసిస్ అంకెల్లో కొన్ని ఈ చిన్న పరీక్షకు నిలబడవని నా అనుమానం.

దూకుడు నిజమైనదో కాదో తేల్చడానికి ఇంకో లెక్క ఉంది. ఉత్తేజన శక్తి 0.25 ఎలక్ట్రాన్ వోల్టులున్న మామూలు అర్ధవాహకాన్ని 30 నుంచి 68 డిగ్రీలకు వేడి చేస్తే నిరోధం సుమారు మూడు రెట్లు తగ్గుతుంది. మీ ఫిల్మ్ పది రెట్లు మాత్రమే పడి, అదీ 20 డిగ్రీల మేర సాగుతూ పడితే సంబరపడకండి, మొదటి మెట్టుకు వెళ్లండి. వెయ్యి రెట్లు దాటితేనే తర్వాతి మెట్లు ఎక్కడంలో అర్థం ఉంది.

నాలుగో మెట్టు: జాలకాన్ని లాగడం

టైటానియం డయాక్సైడ్‌ది కూడా వీఓ2 లోహ స్థితిలో ఉండే రూటైల్ నిర్మాణమే, కొలతలే కొంచెం పెద్దవి. దాన్ని 001 తలంలో, అంటే సి అక్షానికి అడ్డంగా, కోసి, పైన పలుచని వీఓ2 పెంచితే ఫిల్మ్ తలంలో సుమారు 0.9 శాతం సాగుతుంది, నిలువునా ఉండే సి అక్షం (వెనేడియం వరుసల దిశ) కుదించుకుపోతుంది. 2002లో మురావోకా, హిరోయ్ ఇలా పరివర్తనను 300 కెల్విన్‌కు, అంటే 27 డిగ్రీలకు దించారు. అదే సబ్‌స్ట్రేట్‌ను 110 తలంలో కోసి వాడితే సి అక్షం సాగి, పరివర్తన 369 కెల్విన్‌కు ఎక్కింది. ఏమీ కలపకుండా, కోసిన తలం ఒక్కటే మార్చి దాదాపు 70 డిగ్రీల తేడా తేవడం ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫలితం.

ఫిల్మ్ పలుచగా, పది పదిహేను నానోమీటర్లలో ఉంచండి. మందం పెరిగితే బిగువు సడలుతుంది, పగుళ్లు వస్తాయి. పరివర్తన రెండు మెట్లుగా విరిగి కనిపిస్తే కొంత భాగం సడలిందని అనుమానించండి.

27 డిగ్రీల నమూనాకు హైదరాబాద్‌లో వేరే తంటా ఉంది. ఏసీ లేని ల్యాబ్‌లో ఏప్రిల్ నాటికి అది బల్ల మీదే లోహంగా మారి కూర్చుంటుంది. డిసెంబరు ఉదయం బంధకంగా ఉంటుంది. హిస్టెరిసిస్ వల్ల ఒకే 27 డిగ్రీల దగ్గర, నిన్న వేడెక్కిందా చల్లారిందా అన్నదాన్ని బట్టి రెండు వేర్వేరు నిరోధాలు చూపుతుంది. కాబట్టి ప్రతి కొలతకు ముందు నమూనాను పెల్టియర్ (కరెంటుతో చల్లబరిచే పలక) మీద 5 డిగ్రీలకు దించి, పాత చరిత్ర చెరిపేసి మొదలుపెట్టండి. వానాకాలంలో ఆ చలికి నమూనా మీద నీటి తేమ పట్టి కొసల మధ్య దొంగదారి ఏర్పడుతుంది. పొడి నైట్రోజన్ ధార కింద కొలవండి.

ఐదో మెట్టు: డోపింగ్

డోపింగ్ అంటే వేరే మూలకాన్ని కొద్దిగా కలపడం. టంగ్‌స్టన్ కలిపితే వెనేడియం పట్టీలోకి అదనపు ఎలక్ట్రాన్లు చేరుతాయి, చుట్టూ జంటలు విడిపోతాయి. ఒక పరమాణు శాతానికి పరివర్తన సుమారు 20 నుంచి 25 డిగ్రీలు దిగుతుంది. క్రోమియం, అల్యూమినియం పైకి లేపుతాయి.

ఒక శాతం టంగ్‌స్టన్ టార్గెట్‌కు లెక్క ఇలా. 10 గ్రాముల వీ2ఓ5లో 0.110 మోల్‌ల వెనేడియం ఉంది. వందలో ఒక వంతు టంగ్‌స్టన్ కావాలంటే 0.00111 మోల్‌లు, అంటే 0.2575 గ్రాముల టంగ్‌స్టన్ ట్రయాక్సైడ్. నాలుగో దశాంశం వరకు చూపే తక్కెడ వాడండి, అగేట్ కల్వంలో బాగా నూరండి. టార్గెట్‌లోని శాతమే ఫిల్మ్‌లోకీ వచ్చిందని అనుకోవద్దు, ఫిల్మ్‌లో ఉన్నదాన్ని విడిగా కొలిచి ఆ అంకెనే గ్రాఫులో పెట్టండి.

డోపింగ్‌తో వచ్చే నష్టాన్ని చాలామంది మెల్లగా దాటవేస్తారు. ఉష్ణోగ్రత దిగేకొద్దీ బంధక స్థితి నిరోధం తగ్గి, దూకుడు కూడా చిన్నబోతుంది. గది ఉష్ణోగ్రతకు దించే ఆరాటంలో రెండు శాతం కలిపితే అసలుకే ఎసరు వస్తుంది. హైటెక్ సిటీ అద్దాల భవనాలకు ఈ ఫిల్మ్ పూస్తే ఎండ వేడిమి ఆగుతుందని ప్రాజెక్టు ప్రతిపాదనల్లో రాస్తుంటారు. లోహ స్థితిలో వీఓ2 పరారుణాన్ని అడ్డుకుంటుంది, కంటికి కనిపించే వెలుతురును కొంతవరకు పోనిస్తుంది, ఆ మాట నిజమే. కానీ 25 డిగ్రీల దగ్గర మారే అద్దం ఈ ఊళ్లో ఏడాదిలో ఎక్కువ పగళ్లు ఒకే స్థితిలో ఉండిపోతుంది. అలాంటప్పుడు మారే అద్దం ఎందుకు, మామూలు పరారుణ పూత చాలదా అని ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

ఆరో మెట్టు: వోల్టేజీ

రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వోల్టేజీ పెంచుతూ పోతే ఒక చోట ప్రవాహం అమాంతం ఎగబాకుతుంది. విద్యుత్ క్షేత్రమే ఎలక్ట్రాన్లను విడిపించిందని రాయాలని చేయి దురదపెడుతుంది. ఆగండి.

ముందు నమూనాను కాపాడుకునే పని. బంధక స్థితిలో లక్ష ఓమ్‌లు, లోహ స్థితిలో 100 ఓమ్‌లు ఉండే నమూనాకు 20 వోల్టులు పెట్టారనుకోండి. దూకే ముందు అందులో ఖర్చయ్యే సామర్థ్యం 4 మిల్లీవాట్లు. దూకగానే అది 4 వాట్లు, అంటే వెయ్యి రెట్లు, మైక్రాన్ల వెడల్పున్న గీతలో. ఫిల్మ్ కాలిపోతుంది. దానికి శ్రేణిలో 10 వేల ఓమ్‌ల నిరోధకం కలిపితే దూకాక ప్రవాహం 2 మిల్లీఆంపియర్లు, నమూనాలో ఖర్చు 0.4 మిల్లీవాట్లు. మధ్యలో ఎప్పుడైనా నమూనాకు అందే గరిష్ఠం 10 మిల్లీవాట్లు. కొన్ని రూపాయల నిరోధకం నెలల శ్రమను కాపాడుతుంది. దీని విలువనూ వోల్టేజీనీ సరిగా జత కూరిస్తే సర్క్యూట్ తనంతట తానే డోలనాలు చేస్తుంది, అది వేరే ప్రాజెక్టు.

ఇక వేడి ప్రశ్న. రాగి దిమ్మను 30, 40, 50, 60 డిగ్రీల దగ్గర నిలిపి, ఒక్కోచోట దూకే క్షణంలో నమూనా ఖర్చు చేస్తున్న సామర్థ్యాన్ని గుర్తించండి. దిమ్మ 68కి ఎంత దూరంలో ఉందో దానికి అనులోమంగా ఆ సామర్థ్యం సరళరేఖలో తగ్గితే మీ దూకుడుకు కారణం వేడే. ఎక్కువ పరికరాల్లో ఇదే తేలుతుంది. ఇందులో చిన్నతనమేమీ లేదు, వేడితో నడిచే స్విచ్ కూడా స్విచ్చే. నానోసెకండ్ పల్స్‌లతో కొలిచాక, ఉష్ణ లెక్కకు అందని వేగం కనబడితే అప్పుడు వేరే వివరణ వెతకండి.

ఏడో మెట్టు: అయానిక ద్రవం

ఫిల్మ్ మీద అయానిక ద్రవపు (పూర్తిగా అయాన్లే ఉండే ద్రవం) బొట్టు పెట్టి, ఆ ద్రవం మీదుగా గేట్ వోల్టేజీ ఇస్తే ఉపరితలంపై బ్రహ్మాండమైన ఆవేశం పోగవుతుంది. 2012లో నకానో బృందం ఇలా వీఓ2ని లోహంగా మార్చి చూపింది. ఉపరితలపు ఆవేశం ఫిల్మ్ మందమంతటినీ మార్చిందన్నది దాని సంచలనం. 2013లో ఐబీఎంలోని స్టువర్ట్ పార్కిన్ బృందం, జియోంగ్ మొదటి రచయితగా, దీన్ని మరోలా చదివింది: ఆ తీవ్ర క్షేత్రం ఫిల్మ్‌లోంచి ఆక్సిజన్‌ను లాగేస్తోంది, లోహ స్థితికి ఆ ఖాళీలే కారణం. హైడ్రోజన్ చొరబడినా వీఓ2 లోహమవుతుంది కాబట్టి ద్రవంలోని తేమ కూడా అనుమానితుల్లో ఒకటి.

మీ నమూనాతో ఈ వివాదాన్ని మీరే పరీక్షించవచ్చు. గేటింగ్‌ను ఒకసారి శూన్యంలో, ఒకసారి ఆక్సిజన్ వాతావరణంలో చేయండి. ఆక్సిజన్ ఉన్నప్పుడు ప్రభావం మందగిస్తే ఖాళీల పక్షాన సాక్ష్యం దొరికినట్టే. తర్వాత గేట్ వోల్టేజీ తీసేసి, ద్రవాన్ని ఐసోప్రొపనాల్‌తో కడిగేసి మళ్లీ కొలవండి. ఆవేశం వల్ల వచ్చిన లోహత్వమైతే ద్రవంతోనే పోవాలి. కడిగినా అలాగే ఉండి, 200 డిగ్రీల పైన ఆక్సిజన్‌లో వేడి చేశాక బంధకం తిరిగొస్తే మీరు చేసింది విద్యుత్ రసాయనం. అలాంటి నమూనాకు ఎక్స్‌రే శిఖరం కూడా జరిగిందేమో చూడండి, ఆవేశం ఒక్కటే ఆ పని చేయలేదు. ద్రవాన్ని వాడే ముందు శూన్యంలో వేడి చేసి తేమ తొలగించడం మరవద్దు. జులై, ఆగస్టుల్లో సీసా మూత తెరిచిన ప్రతిసారీ అది గాలిలోని నీటిని పీల్చుకుంటుంది.

గేటింగ్‌కు పెట్టిన ప్రతి నమూనాతోపాటు అదే ఫిల్మ్ నుంచి కోసిన ఇంకో ముక్కను ద్రవం తాకకుండా పక్కన ఉంచండి. రెండింటినీ సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో దాచండి, ఎందుకంటే తేమ గాలిలో నెలల తరబడి ఉన్న వీఓ2 పైపొర వీ2ఓ5గా మారుతూ ఉంటుంది. కొత్త వరుస కొలతలు మొదలుపెట్టేటప్పుడల్లా ముందు ఆ తాకని ముక్కను 30 నుంచి 90 వరకు ఒకసారి నడిపి, పాత వక్రం మీద పెట్టి చూడండి. రెండు వక్రాలు ఒకదానిమీద ఒకటి కూర్చోకపోతే ఆ రోజు గేట్ జోలికి వెళ్లకుండా సెన్సార్, తీగలు, ఫిల్మ్, ఈ వరుసలో తనిఖీ చేయండి.